గరిజె నేర్పిన పాఠం

దీపావళి దగ్గర పడిందంటే ముంబయిలోని తెలుగువారి చాళ్ళలో నూనె మూకుడు పొయ్యి దిగదు. ఒక గదిలో మురుకులు, పక్క గదిలో గరిజెలు. పలుచని పూరీలో పుట్నాల పొడి, ఎండుకొబ్బరి, చక్కెర నింపి, అర్ధచంద్రంలా మడిచి, అంచులు నొక్కి వేయించినవే గరిజెలు. తెలంగాణలో గరిజెలు అనే వీటిని కోస్తావారు కజ్జికాయలు అంటారు. గోడకు అవతల ఉన్న మరాఠీ ఇంట్లో ఇటువంటి వంటకం పేరు కరంజీ.

ఈ నగరానికి తెలుగువారు కొత్త కాదు. నిజాం రాజ్యం నుండి వచ్చి ఇక్కడి కట్టడాలకు రాళ్ళెత్తిన కామాఠీల పేరనే కామాఠీపురా ఏర్పడింది. ఆ తరువాత కరీంనగరం, వరంగల్లు, నల్లగొండ ప్రాంతాల నేతపనివారు వచ్చి వర్లీ, పరేల్, దాదర్ ప్రాంతాలలోని బట్టల మిల్లుల్లో చేరారు. 1982 జనవరి 18న మిల్లు కార్మికుల సమ్మె మొదలైంది. ఆ సమ్మెతో వేలాది కార్మికుల ఉపాధి పోయింది. అప్పుడు ఎన్నో ఇళ్ళను నిలబెట్టింది ఆడవారి చేతిపనే.

దాదర్‌లోని ఒక చాల్‌లో అటువంటి నాయనమ్మ ఒకరు ఉన్నారు. భర్త మిల్లు పని పోయినప్పుడు ఆమె గరిజెలు చేసి అమ్మి పిల్లలను పెంచింది. ఆమె మనుమడు పదో తరగతి పూర్తిచేసి బేకరీ పని నేర్చుకోవాలనుకున్నాడు. “వంట చేయడానికి కూడా చదువు కావాలా?” అని తండ్రి విసుక్కున్నాడు. నాయనమ్మ మాత్రం తాను దాచుకున్న డబ్బు తీసి మనుమడి చేతిలో పెట్టింది.

వంటకు చదువు ఉందని దాదర్‌వాసులకు వేరే చెప్పనక్కరలేదు. శ్రీమతి లీలావతి మున్షీ పూనికతో 1954లో ఏర్పడిన హోటల్ నిర్వహణ విద్యాసంస్థ దాదర్‌లోనే ఉంది. దానిని అందరూ ‘దాదర్ కేటరింగ్ కాలేజీ’ అంటారు. ఆ దారిలోనే తరువాత మరెన్నో శిక్షణ కేంద్రాలు వెలిశాయి. మనుమడు చేరింది అటువంటి ఒక చిన్న కేంద్రంలో.

అక్కడ మొదట నేర్పింది ‘పై’ చేయడం. ఇది ‘మీద’ అని అర్థం వచ్చే మన ‘పై’ కాదు. పిండితో గిన్నెలాంటి డొప్ప చేసి, అందులో పండ్ల ముక్కలో కూరో నింపి, పైన మరొక పిండి పొర కప్పి, ఓవెన్‌లో కాల్చే పాశ్చాత్య వంటకం. కొలతలు సులభమే. మైదా 200 గ్రాములు, వెన్న 100 గ్రాములు, చిటికెడు ఉప్పు, మూడు పెద్ద చెంచాల చల్లని నీళ్ళు. కుర్రవాడు అన్నీ ఒకేసారి కలిపి, చపాతీ పిండిలా బాగా పిసికాడు. కాల్చి తీస్తే పై డొప్ప అట్టలా గట్టిపడింది. రెండోసారీ అంతే. మరుసటి వారమే పరీక్ష. అతడు ముఖం వేలాడేసుకొని ఇంటికి వచ్చాడు.

“ఏమయింది బిడ్డా?” అని అడిగింది నాయనమ్మ.

“పిండి గుల్ల కావట్లేదు నాయనమ్మా. ఎంత పిసికినా గట్టిగనే వస్తుంది.”

“ఎంత పిసికితే అంత గట్టిగైతది. గరిజెల పిండికి నేనేం చేస్త? ముందుగాల వేడి నెయ్యి పోసి పిండికంతా పట్టిస్త. పిడికిట పడితే ముద్ద కావాలె, వేలితో తాకితే విరగాలె. నీళ్ళు ఆ తరువాతనే.”

నాయనమ్మ మాటలో శాస్త్రం ఉంది. గోధుమపిండిలోని మాంసకృత్తులు నీటితో కలిసి సాగే గుణమున్న పదార్థంగా మారతాయి. దానిని గ్లూటెన్ అంటారు. పిండిని పిసికినకొద్దీ అది బలపడుతుంది. రొట్టెకు ఆ బలం కావాలి, పైకి అది పనికిరాదు. నెయ్యి గాని వెన్న గాని ముందుగా పిండి రేణువులకు పట్టితే, నీరు వాటిని సులభంగా చేరదు. గ్లూటెన్ తక్కువగా ఏర్పడుతుంది. అందువల్లనే వంటకం గుల్లగా వస్తుంది.

అయితే ఒక భేదం ఉంది. గరిజెకు నెయ్యి వేడిగా పోస్తారు. పైకి వెన్న చల్లగా, గట్టిగా ఉండాలి. దానిని వేళ్ళ కొసలతో పిండిలో నలిపి, రవ్వలా అయ్యాక నీళ్ళు చిలకరించి, పిసకకుండా ముద్ద చేయాలి. అరగంట చల్లని చోట ఉంచి, తరువాత ఒత్తాలి. వెన్న సుమారు 32 నుండి 35 డిగ్రీల వేడికే కరుగుతుంది. ముంబయి ఎండల్లో అది చేతిలోనే నూనె అవుతుంది. అందుకే ఈ పనిలో చల్లని నీరు, చల్లని బండ, చురుకైన చేయి ముఖ్యం.

ఇరానీ హోటళ్ళలో చాయతో తినే ఖారీ, బేకరీలలో అమ్మే కూర పఫ్ మరొక పద్ధతిలో చేస్తారు. ఒత్తిన పిండిలో వెన్న పలకను పెట్టి మూస్తారు. దానిని ఒత్తి మూడు మడతలు వేస్తారు. ఇలా ఆరుసార్లు చేస్తే వెన్న పొరలు 3, 9, 27, 81, 243, చివరకు 729 అవుతాయి. ఓవెన్ వేడికి పిండిలోని నీరు ఆవిరై, పొరలను పైకి నెడుతుంది. వెన్న పొరలు వాటిని అంటుకోకుండా కాపాడతాయి. మధ్యమధ్య పిండిని చల్లార్చకపోతే వెన్న కరిగి పొరలన్నీ ఒకటైపోతాయి. తొందరపడేవారికి ఈ పని లొంగదు.

లోపల నింపేది తీపి కావచ్చు, కారం కావచ్చు. ఆపిల్, మామిడి, కొబ్బరి–బెల్లం తీపి రకాలు. ఆలుగడ్డ కూర, గుడ్డు, ఖీమా కారం రకాలు. ఏది నింపినా చల్లారి, తడి లేకుండా ఉండాలి. పై పొరకు కత్తితో చిన్న గాట్లు పెడితే ఆవిరి బయటికి పోతుంది. ఓవెన్‌ను ముందే దాదాపు 200 డిగ్రీలకు వేడి చేయాలి.

చాల్ గదిలో ఓవెన్ ఎక్కడిది? పండుగలకు నాన్‌ఖటాయి పిండిని పళ్ళెంలో పెట్టి, వీధి బేకరీ భట్టీలో కాల్పించి తెచ్చుకోవడం ముంబయిలో పాత అలవాటు. మనుమడూ ఆ బేకరీ గడపే ఎక్కాడు. ఈసారి డొప్ప గుల్లగా విరిగింది. వారం తరువాత పరీక్షలోనూ నెగ్గాడు.

ఇప్పుడు ఆ భట్టీలూ మారుతున్నాయి. పొగవల్ల గాలి చెడుతున్నందున కట్టెలు, బొగ్గు వాడే బేకరీలు ఆరు నెలలలో గ్యాసు వంటి శుభ్రమైన ఇంధనాలకు మారాలని 2025 జనవరిలో బొంబాయి హైకోర్టు ఆదేశించింది. పొయ్యి మారినా చేతికి తెలిసిన పని పోదు.

మనుమడు మొదటి సంపాదనతో కొబ్బరి–బెల్లం నింపిన పై చేసి ఇంటికి తెచ్చాడు. తండ్రి ఏమీ అనకుండా రెండో ముక్క అడిగాడు. నాయనమ్మ కొరికి చూసి నవ్వింది.

“ఇది మన గరిజెనే గదా బిడ్డా! నూనెల వేగలేదు, అంతే.”

అభ్యాసం

1. కుర్రవాడు చేసిన పై మొదట ఎందుకు గట్టిపడింది?
2. గరిజె పిండికీ, పై పిండికీ గల పోలికను, భేదాన్ని తెలపండి.
3. మూడేసి మడతలు నాలుగుసార్లు వేస్తే వెన్న పొరలు ఎన్ని అవుతాయి?
4. మీ ఇంట్లో పెద్దలు చేసే ఒక పిండివంట తయారీని అడిగి తెలుసుకొని, పది వాక్యాలలో రాయండి.