పగటి లగ్నమా, రాత్రి లగ్నమా?

తమిళనాడులోని హోసూరు ప్రాంతంలో తెలుగువారికి ఇరుగుపొరుగు తమిళులు, కన్నడిగులు. వారి పెళ్ళిళ్ళు ఎక్కువగా ఉదయం వేళ జరుగుతాయి. తెలుగువారిలో రాత్రి లగ్నాలు తరచుగా కనిపిస్తాయి.

రాత్రి లగ్నం వల్ల సౌకర్యం లేకపోలేదు. కూలికి, కొలువుకు వెళ్ళేవారు పని మానుకోకుండా రాగలరు. వైశాఖమాసపు ఎండ బాధ ఉండదు. అయితే చాలామంది భోంచేసి ముందే వెళ్ళిపోతారు. వధూవరులు జీలకర్ర బెల్లం పెట్టుకొనే వేళకు పందిట్లో మిగిలేవారు కొద్దిమందే! దూరపు బంధువులకు పడకలు, తెల్లవారాక ఫలహారాలు సమకూర్చాలి. కళ్యాణమండపానికి రెండు రోజుల అద్దె పడవచ్చు. అప్పు చేసి పెళ్ళి చేసే తండ్రికి ఆ రెండవ రోజే బరువు.

పగటి లగ్నమైతే ఒక్క విందుతో సరిపోతుంది. చుట్టాలు సాయంత్రం బస్సులో తిరిగి వెళ్ళవచ్చు. పంచాంగంలో పగటి ముహూర్తాలూ ఉంటాయి. మండపం మాట్లాడుకోక ముందే సిద్ధాంతిగారిని ఆ సంగతి అడగాలి.