పైన పటారం... ఒక పాత కత్తి గేమ్ నేర్పిన ‘బికాజ్’ పాఠం



ఈ నెల వీడియో గేమ్ గురించి రాస్తున్నాను. “ఇంట్లో గేమ్‌లు మాన్పించలేక మేం చస్తుంటే టీచర్ కూడా మొదలుపెట్టారా!” అనుకోకండి. దయచేసి చివరిదాకా చదవండి.

ఎనిమిదో తరగతి ఇంగ్లిష్‌లో రివ్యూ రాయడం ఒక పాఠం. పుస్తకమో సినిమానో తీసుకుని, నచ్చిందో లేదో చెప్పి, కారణాలు రాయాలి. మొదటిసారి వచ్చిన పేపర్లన్నీ దాదాపు ఒకేలా ఉన్నాయి. కథ బాగుంది, హీరో బాగా చేశాడు, అందరూ చూడాలి. అంతే. నేను ఎర్ర పెన్నుతో “కారణాలు రాయండి” అని రాసి తిరిగి ఇచ్చాను. రెండోసారీ అవే వాక్యాలు, కాకపోతే దస్తూరి కాస్త గుండ్రంగా ఉంది.

అదే వారం ఒక బాబు బ్యాగులో పాత గేమ్‌లు నింపిన చిన్న ప్లేయర్ దొరికింది. తీసుకుని బీరువాలో పెట్టాను. సాయంత్రం వాళ్ల అమ్మగారు వచ్చేలోపు, “అంత బాగుంటుందా ఇది?” అని అడిగాను. తల వంచుకునే, “బాగోదు మేడమ్. బొమ్మలు పెద్దగా ఉంటాయి గానీ మనం చెప్పినట్టు కదలవు. శత్రువు కనిపించేలోపే దెబ్బ తగులుతుంది” అన్నాడు.

రెండు వారాలుగా నేను అడుగుతున్న కారణాలు ఒక్క గుక్కలో చెప్పేశాడు!

ఏమిటా గేమ్?

దాని పేరు ‘స్వోర్డ్ ఆఫ్ సోడాన్’. 1988లో అమిగా అనే కంప్యూటర్ మీద వచ్చింది. 1990లో సెగా మెగా డ్రైవ్‌కు మార్చారు. ఒక దుష్ట మాంత్రికుడు రాజును చంపుతాడు. రాజు కొడుకో, కూతురో, ఇద్దరిలో ఒకరిని మనం ఎంచుకుని, కత్తి తిప్పుకుంటూ పోవాలి. తెర పక్కకు జరుగుతూ ఉంటుంది. దారిలో రంగురంగుల మందు సీసాలు దొరుకుతాయి.

ఆ రోజుల్లో దాని బొమ్మల్ని చూసి అందరూ ఆశ్చర్యపోయారు. మనుషులు అంత పెద్దగా కనిపించే గేమ్‌లు అప్పట్లో తక్కువ. ఆడటం మొదలుపెట్టాక తెలిసేది, నడక బరువు, కత్తి ఆలస్యం, మళ్లీ మళ్లీ అదే పని అని. పైన పటారం, లోన లొటారం అంటామే, అదే.

ఎందుకలా అయింది?

మర్నాడు ఇదే ప్రశ్న క్లాసులో వేశాను. బోర్డు మీద లెక్క చేశాం. తెర మీద బొమ్మ అంటే చుక్కల గుంపు. 20 చుక్కల వెడల్పు, 40 చుక్కల ఎత్తు ఉన్న మనిషికి 800 చుక్కలు కావాలి. వెడల్పు, ఎత్తు రెండూ రెట్టింపు చేస్తే 40 × 80, అంటే 3,200. బొమ్మ రెండింతలైతే చుక్కలు నాలుగింతలు! అప్పటి అమిగా 500తో వచ్చే మెమరీ 512 కిలోబైట్లే. ఒక్కో బొమ్మ అంత చోటు తింటే, కదలికల కోసం గీసే బొమ్మల సంఖ్య తగ్గించుకోవాల్సి వస్తుంది.

ఇంకొకటి పిల్లలే చెప్పారు. మనిషి పెద్దవాడైతే తెరలో ఖాళీ తగ్గుతుంది. శత్రువు దూరంగా ఉన్నప్పుడు కనిపించడు, కనిపించేసరికి మీద పడతాడు. తప్పించుకోవడానికి టైమే ఉండదు.

దీనికి ఎదురుగా ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’ను పెట్టాను. మీలో చాలామంది కంప్యూటర్ ల్యాబుల్లో ఆడే ఉంటారు. 1989లో ఆపిల్ 2 కంప్యూటర్ కోసం జోర్డాన్ మెక్నర్ చేసిన గేమ్ అది. అందులో రాకుమారుడు చిన్న బొమ్మే. కానీ మెక్నర్ తన తమ్ముడు డేవిడ్‌తో పరుగెత్తించి, దూకించి, వీడియో తీసి, ఆ కదలికలు చూసి బొమ్మలు గీశాడు. అందుకే ఆ చిన్న బొమ్మ నిజం మనిషిలా దూకుతుంది. తెరలో చోటు కూడా మిగిలింది. కాపలావాడు ముందే కనిపిస్తాడు, ఆలోచించుకునే వీలుంటుంది.

ఆ తర్వాత ఒకే నియమం పెట్టాను. రివ్యూలో ప్రతి అభిప్రాయం పక్కన ‘బికాజ్’ అనే మాట ఉండాలి. ఆ బాబు పన్నెండు వాక్యాలు రాశాడు. స్పెల్లింగులు తప్పులే, టెన్సులూ తప్పులే. కానీ ఆ పేజీలో రాసింది ప్రతిదీ తను ఆలోచించినదే. యూనిట్ టెస్టులో మార్కులు అమాంతం పెరగలేదు. చెయ్యెత్తి మాట్లాడటం మాత్రం మొదలుపెట్టాడు.

నా తప్పు కూడా చెప్పాలి

ఆ రాత్రి పేపర్లు దిద్దుతూ నాకు ఒకటి గుర్తొచ్చి సిగ్గేసింది. కిందటి నెల ప్రాజెక్టుల్లో రంగుల ప్రింట్లు, థర్మోకోల్, మెరుపు కాగితాలతో వచ్చిన చార్టులకు ఎక్కువ మార్కులు వేశాను. అవి ఎవరు చేశారో నాకు తెలుసు, మీకూ తెలుసు. సొంతంగా పెన్సిల్‌తో గీసి, అడిగితే చక్కగా వివరించిన పాపకు తక్కువ వేశాను. నేనూ పెద్ద బొమ్మలు చూసే మోసపోయాను. ఈసారి నుంచి చార్టుకు సగం మార్కులే. మిగతా సగం, పిల్లలు దాని గురించి చెప్పే మాటలకు.

ఇంట్లో మీరు చేయగలిగింది

ఆదివారం ఒక అరగంట పిల్లల పక్కన కూర్చుని, వాళ్లు ఆడే గేమ్ చూడండి. తిట్టకుండా ఈ మూడు ప్రశ్నలు అడగండి.

1. ఇందులో నీకు నచ్చనిది ఏమిటి? ఎందుకు?
2. ఓడిపోయినప్పుడు తప్పు నీదా, గేమ్‌దా? ఎలా తెలిసింది?
3. దీన్ని నువ్వే చేస్తే ఏం మారుస్తావు?

జవాబు తెలుగులో చెప్పినా ఫర్వాలేదు. ముందు ఆలోచన రానివ్వండి, దాన్ని ఇంగ్లిష్‌లోకి తేవడం మా పని. “బాగుంది”, “బోర్” అని ఆగిపోతే “ఎందుకు నాన్నా?” అని ఇంకొక్కసారి అడగండి.

ఒక జాగ్రత్త. ఇలాంటి కత్తి గేమ్‌లలో నరకడాలు, రక్తం ఉంటాయి. చిన్న తరగతుల పిల్లలకు వద్దు. పెద్ద పిల్లలకైనా టైము ముందే చెప్పండి. ఆ బాబు వాళ్ల అమ్మగారు ప్లేయర్ తీసుకెళ్లి, ఆదివారం అరగంట అని రూలు పెట్టారు. గేమ్ అయ్యాక ఐదు వాక్యాలు రాయాలి, ఐదింటిలోనూ ‘బికాజ్’ ఉండాలి.

మీ ఇంట్లో పిల్లలు రాసిన ఐదు వాక్యాలు డైరీలో పెట్టి పంపండి. తప్పులున్నా అలాగే పంపండి, మీరు దిద్దొద్దు. నేను చదువుతాను.

ఇట్లు,
మీ పిల్లల ఇంగ్లిష్ టీచర్