కంచె తీగకు చుట్టు పరీక్ష

పాఠశాల ఆవరణకో, మంచినీటి బావి చుట్టునో కంచె వేయుటకు పంచాయతీవారు తీగ కొనునపుడు సాధారణముగా బరువును, మెరుపును చూతురు. బరువు సంగతి త్రాసు చెప్పును. మెరుపును మాత్రము నమ్మరాదు. వెండిరంగు పూసిన తీగయు మెరయును. ఇనుమును త్రుప్పునుండి కాపాడునది దానిని గట్టిగా అంటిపెట్టుకొనియున్న జింకు పూతయే.

శుభ్రపరచిన ఇనుప తీగను సుమారు 450 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో కరగియున్న జింకులో ముంచి తీయుదురు. అప్పుడు ఇనుమునకును జింకునకును నడుమ ఆ రెండును కలిసిన మిశ్రలోహపు పొర యేర్పడును. పూతను పట్టియుంచునది ఈ పొరయే, కాని అది పెళుసైనది. తీగ కరగిన జింకులో అవసరమునకు మించి నిలిచినచో ఈ పొర దళసరియై, వంచినపుడు పగులును. ముంచకముందు తీగపై చమురో త్రుప్పో మిగిలినచో ఆ చోట పూత సరిగా పట్టదు. తిన్నగా నున్న తీగపై ఈ లోపములు కంటికి కానరాకపోవచ్చును. అయితే కంచె తీగ వంగక తప్పునా? రాటకు ముడివేసిన ప్రతిచోటను వంగును. చిన్న గీత పడినచో ప్రక్కనున్న జింకు తాను ముందు తరిగిపోవుచు ఇనుమును కాచును. పూత పెచ్చులుగా లేచిపోయినచో ఆ రక్షణ చాలదు, త్రుప్పు ముడివద్దనే మొదలగును.

కావున తీగను వంచియే పరీక్షింపవలెను. తీగ మందమునకు నాలుగు లేక అయిదు రెట్లు మందముగల నున్నని కడ్డీపై, చుట్టునకు చుట్టు తగులునట్లు, కనీసము ఆరు చుట్లు చుట్టుడు. 2.5 మిల్లీమీటర్ల తీగకు 10 మిల్లీమీటర్ల కడ్డీ చాలును. మూరెడు ముక్క సరిపోవును. పిదప ఒట్టి వ్రేలితో చుట్లను రుద్దుడు. పూత పొలుసులుగా రాలివచ్చినచో ఆ తీగను తీసికొనరాదు. పైపైనున్న కొద్దిపాటి పొడి రాలుట లోపము కాదు. కత్తితో గీకుట తగదు. అట్లు గీకినచో మంచి పూతయు లేచును, వర్తకుడు ఆక్షేపించుట న్యాయమే యగును.

ఇచ్చట ఒక చిక్కు కలదు. పలుచని పూత దళసరి పూతకంటె సులభముగా ఈ పరీక్షలో నెగ్గును! పూత ఎంత యున్నదో ఈ పరీక్ష చెప్పదు. అందుచే చదరపు మీటరునకు ఎన్ని గ్రాముల జింకు ఉండవలెనో కొనుగోలు పత్రములోనే వ్రాయించి, భారతీయ ప్రమాణము 4826 ప్రకారము ప్రయోగశాల ధ్రువపత్రమును కోరవలెను. పూత అంతటను సమముగా నున్నదో లేదో తెలియుటకు ప్రయోగశాలలో తీగను మైలుతుత్తపు ద్రావణమున ఒక్కొక్క నిమిషము చొప్పున పలుమారులు ముంచుదురు. జింకు తొలగినచోట ఇనుముపై ఎర్రని రాగి మెరయుచు అంటుకొనును. ఈ పని గ్రామమున చేయవలసినది కాదు.

చుట్టు పరీక్షను సరకు దింపుకొన్న నాడే, ఒక్క చుట్టతో సరిపెట్టక పలు చుట్టలనుండి ముక్కలు కత్తిరించి చేయవలెను. చుట్టిన ముక్కలకు చుట్ట సంఖ్య, తేదీ వ్రాసిన చీటిని కట్టి కార్యాలయమున భద్రపరచుడు. బిల్లు చెల్లింపునకు వచ్చు సమావేశమున అవి సభ్యుల యెదుట బల్లపై నుండవలెను.