గ్రంథకర్తయు చలనచిత్రమును

ఒక గ్రంథమును చలనచిత్రముగా తీసినపుడు దానిని రచించినవారి మనస్సెట్లుండును? ధనము వచ్చును, పేరు వ్యాపించును. కావున సంతోషింతురని పెక్కుమంది తలంతురు. కాని కొందఱు గ్రంథకర్తల యనుభవము వేఱుగా నున్నది.

ఆర్. కె. నారాయణ్ గారు ఆంగ్లమున రచించిన 'గైడ్' నవల 1958లో వెలువడి, 1960లో సాహిత్య అకాడమీ బహుమానమును బడసెను. 1965లో నది హిందీ చిత్రమయ్యెను. నవలలోని మాల్గుడి యను పట్టణము దక్షిణదేశమునకు జెందినది. చిత్రము తీసినవారు కథను రాజస్థానమునకు దరలించిరి. నవల చివర, వానకొఱకు ఉపవసించిన కథానాయకుడు నదిలో నిలిచి, కొండలలో వర్షము కురియుచున్నదని పలికి యొరిగిపోవును. వాన నిజముగా వచ్చెనో లేదో రచయిత చెప్పలేదు; ఆ సందేహమే కథకు ప్రాణము. చిత్రమునందో, వాన ధారాపాతముగా గురిసెను! ప్రేక్షకులు మెచ్చిరి. గ్రంథకర్త మాత్రము నొచ్చుకొని, ఆ యనుభవమును గూర్చి యొక వ్యాసమే వ్రాసెను.

బెర్నార్డ్ షా తన 'పిగ్మేలియన్' నాటకమును 1938 నాటి చిత్రమునకై స్వయముగా మార్చి వ్రాసి, ఆస్కార్ బహుమానము నందెను. అయినను కథాంత మాయన కోరినట్లుండలేదు. నాయిక గురువునొద్దకు మరలివచ్చుట ఆయన కెన్నడును సమ్మతము కాదు.

ఇట్లేల జరుగును? గ్రంథకర్త యొంటరిగా గూర్చుండి ప్రతి పదమును దానే యెన్నుకొనును. చిత్రము పలువురి చేతిపని. రెండు మూడు గంటలలో కథ ముగియవలెను. వ్యయమైన ధనము తిరిగి రావలెను. కావున తీయువారు కంటికింపైన ప్రదేశమును, సందేహములేని ముగింపును గోరుదురు. వారి కష్టమును మఱువరాదు.

మార్పెల్లయు దోషమని యెంచరాదు. గోదావరి మండలమున పసలపూడికి జెందిన వంశీగారు తమ 'మహల్లో కోకిల' నవలను 1984లో స్వయముగా 'సితార' యను చిత్రముగా దీసిరి. రచయితయే దర్శకుడైనను పేరు మాఱినది గదా! ఇక ఉన్నవ లక్ష్మీనారాయణగారి 'మాలపల్లి' చెఱసాలలో పుట్టి, ప్రభుత్వ నిషేధమునకు గుఱియైన నవల. అట్టి గ్రంథము చిత్రమైనచో నెట్లుండునో యూహింపుడు. అక్షరము రాని కూలివాడు తన బ్రదుకును జెప్పు నవలను జదువజాలడు; తెరమీద జూడగలడు. ఇది యే గ్రంథకర్తకైనను చిన్న లాభము కాదు.

కావున మార్పు గ్రంథకర్తను నొప్పింపదు. గ్రంథముయొక్క ప్రాణము పోవుటయే నొప్పించును. ప్రాణమెక్కడ నున్నదో చదివినవానికే తెలియును. చిత్రమును జూచి గ్రంథమును జదివితిమని చెప్పుకొనువాడు తన్ను దానే వంచించుకొనుచున్నాడు.

ఇక మీకొక ప్రశ్న. అడివి బాపిరాజుగారి 'నారాయణరావు' నవలలో కథానాయకుని యూరు మన కొత్తపేట. రేపెవరైన దానిని చిత్రముగా దీసి, కథను వేఱొక నదీతీరమునకు దరలించినచో మీరు సమ్మతింతురా? ముందు నవలను జదువుడు. పిదప మీ యుత్తరమును కారణములతో వ్రాయుడు.