వినే నవలలో దారి తప్పితే

మేము ఉండేది కటవారియా సరాయ్‌లో. సరాయ్ అంటే బాటసారుల సత్రం. బదిలీల మీద తిరిగే మనలాంటి వాళ్ళకు తగిన పేరే! సాయంత్రాలు ఈ సందుల్లో నడుస్తూ, ఇయర్‌ఫోన్లు పెట్టుకొని ‘అంపశయ్య’ నవల విన్నాము. ఒక మిత్రుడు చదివి, రికార్డు చేసి పంపారు.

నిజం చెప్పాలంటే, మొదటి మూడు రోజులూ తికమకే. మాట్లాడేది ఎవరు? ఇది ఇప్పటి సంగతా, ఎప్పటిదో జ్ఞాపకమా? ఒక్క ఆటో హారన్ మోగితే చాలు, కథ చేజారిపోయేది. తెలుగు చెప్పేవాళ్ళకే తెలుగు అర్థం కాలేదే అని సిగ్గేసింది.

నవీన్ రాసిన ఈ నవల 1969లో వచ్చింది. ఆయన అసలు పేరు దొంగరి మల్లయ్య. ఈ నవలతోనే ‘అంపశయ్య నవీన్’ అయ్యారు. 2004లో ‘కాలరేఖలు’కు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ‘అంపశయ్య’ ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివే రవి జీవితంలో ఒక్క రోజు కథ. బయట జరిగేది తక్కువ, మనసులో మెదిలేది ఎక్కువ. ఒక తలపు మరో తలపును లాక్కొస్తుంది. ఈ పద్ధతిని చైతన్య స్రవంతి అంటారు. 1922లో వచ్చిన జేమ్స్ జాయిస్ ‘యులిసిస్’ కూడా డబ్లిన్ నగరంలో ఒక్క రోజు కథే. ఇవి మీరు పెద్దయ్యాక చదవవలసిన పుస్తకాలు.

అచ్చులో అయితే పేరా మారడం కనిపిస్తుంది, కళ్ళు వెనక్కి వెళ్ళి చూసుకుంటాయి. చెవికి ఆ వీలు లేదు. అయితే మా తికమకకు ఇంకో కారణం కూడా ఉంది.

హిందీలో ‘మై గయా’, ‘తూ గయా’, ‘వహ్ గయా’ అంటారు. మూడింటిలోనూ ‘గయా’ ఒక్కటే. ఎవరో తెలియాలంటే ముందు మాట వినాలి. తెలుగులో ‘వెళ్ళాను, వెళ్ళావు, వెళ్ళాడు’ అంటే చాలు. ‘నేను, నువ్వు, అతను’ అనకపోయినా క్రియ చివర ఉన్న అక్షరమే ఎవరో చెబుతుంది. పదేళ్ళుగా హిందీ ఊళ్ళలో తిరిగిన మా చెవి, ‘ఎవరు’ అనేది వాక్యం మొదట్లోనే వెతుకుతోంది. అసలు సంగతి చివర్లో వచ్చేసరికి ధ్యాస జారిపోతోంది.

మా తరగతిలో ఒక అమ్మాయికీ ఇదే జరిగింది. వాళ్ళ అమ్మమ్మ ఫోనులో తాతయ్య కబుర్లు చెబుతూ, మధ్యలో “మెట్ల మీద జారి పడ్డాను” అన్నదట. పాప ‘పడ్డాడు’ అనుకొని, తాతయ్య పాత కథేదో అని ‘ఊ’ కొట్టింది. పడింది అమ్మమ్మే అని వారం తర్వాత తెలిసి ఏడ్చింది. చివరి అక్షరం అంత పని చేస్తుంది.

నాలుగో రోజు నుంచి మేము ఇలా విన్నాము. మీరూ ప్రయత్నించండి.

1. ఒకసారికి పది నిమిషాలే వినండి. ఆపి, ‘ఎవరు, ఎక్కడ, ఎప్పుడు’ అని మీకు మీరే చెప్పుకోండి.

2. వాక్యం చివరి క్రియను పట్టుకోండి. ‘-ను’ నేను, ‘-వు’ నువ్వు, ‘-డు’ అతను. ‘-రు’ అయితే పలువురు, లేదా మర్యాద. ‘-ది’ దగ్గర జాగ్రత్త! ‘వచ్చింది’ అంటే అక్క కావచ్చు, ఆవు కావచ్చు, బస్సు కావచ్చు. ముందు వాక్యం గుర్తుండాలి.

3. తెలియకపోతే వెనక్కి జరిపి మళ్ళీ వినండి. అది తప్పు కాదు.

ఇలా విని నవల పూర్తి చేశాము. కొన్ని చోట్లు ఇప్పటికీ స్పష్టంగా లేవు. అవి రవికే స్పష్టంగా లేని చోట్లని తెలిశాక దిగులు తగ్గింది.

అభ్యాసం

అ) ఎవరెవరో చెప్పండి: “పొద్దున్నే లేచాను. పాలు తెచ్చాడు. కాచింది. అందరూ తాగారు. నువ్వు మాత్రం తాగలేదు.” ఏ క్రియ దగ్గర ‘ఎవరు’ అన్నది తేలలేదు? ఎందుకు?

ఆ) ఈ ఆదివారం అమ్మమ్మకో నానమ్మకో ఫోను చేసి, ఒక పాత సంగతి చెప్పమనండి. ‘ఊ’ కొట్టకండి. మధ్యమధ్యలో “ఎవరు, నువ్వేనా?” అని అడగండి. విన్నది సోమవారం తరగతిలో చెప్పండి.