మాత్రయు మెట్లును

దేహమున కొవ్వు మితిమీరినచో గుండెజబ్బు, రక్తపుపోటు, మధుమేహము మున్నగు వ్యాధులకు అవకాశము హెచ్చును. కావున స్థూలకాయులు బరువు తగ్గవలెనని కోరుట మంచిదే. కాని శ్రమపడకయే మాత్రలు మ్రింగి చిక్కిపోవలెనను ఆశ ప్రమాదకరము. అందులకు ఒక నిదర్శనము కలదు.

మొదటి ప్రపంచ యుద్ధకాలమున ఫ్రాన్సు దేశపు ఆయుధ కర్మాగారములలో ప్రేలుడు పదార్థముల తయారీకి డైనైట్రోఫినాల్ అను రసాయనమును వాడుచుండిరి. దానితో పనిచేసిన కార్మికులు చెమటలు క్రమ్మి, జ్వరపడి, చిక్కిపోయిరి, కొందరు మరణించిరి. 1933లో అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు కట్టింగు, టెయింటరు అనువారు ఈ రసాయనము బరువును శీఘ్రముగా తగ్గించునని ప్రకటించిరి. అంతట అది మందుల దుకాణములకు ఎక్కెను. వేలకొలది జనులు దానిని సేవించిరి.

ఆ మందు చేయు పని యేమి? ఆహారమునుండి పుట్టిన శక్తిని మన జీవకణములు తమ పనులకై కూడబెట్టుకొనును. ఈ మందు ఆ శక్తిని కూడబెట్టనీయక వట్టి వేడిగా మార్చివేయును. కుండ పెట్టకయే పొయ్యి మండించినట్లు, కట్టెలు తరుగును గాని అన్నము ఉడుకదు. మోతాదు హెచ్చినచో దేహతాపము మితిమీరి ప్రాణమే పోవును. దీనికి విరుగుడు నేటికిని లేదు. కొందరికి కన్నులలో శుక్లములేర్పడి చూపు పోయెను. తుదకు 1938లో అమెరికాలో క్రొత్త ఔషధశాసనము వచ్చిన పిమ్మట దాని వాడుకకు అడ్డుకట్ట పడెను.

ఇక రెండవ మార్గమును పరికింతము. లండను నగరపు రెండంతస్తుల బస్సులలో డ్రైవరు దినమెల్ల కూర్చుండియే యుండెడివాడు. కండక్టరు టిక్కెట్ల కొరకు దినమునకు 500 మొదలు 750 వరకు మెట్లెక్కెడివాడు. జెరెమీ మారిస్ అను వైద్యుడు తన సహచరులతో వీరి ఆరోగ్యమును పరిశీలించి, డ్రైవర్లకంటె కండక్టర్లకు గుండెజబ్బు తక్కువయని 1953లో వెల్లడించెను. తరువాత ఉడుపుల కొలతలు చూడగా డ్రైవర్ల నడుములు లావుగా నుండెను. అయినచో భేదమునకు లావొక్కటియే కారణమా? కాదు. సన్ననివారిలోను, లావైనవారిలోను గూడ కండక్టర్లకే మేలు కనబడెను.

దీనివలన తెలియునదేమి? తక్కెడలో ముల్లు కదలినంతమాత్రమున ఆరోగ్యము కలిగినట్లు కాదు. బరువు తగ్గుటకు మితాహారము ముఖ్యము. వ్యాయామము దానికి తోడై, గుండెకును కండరములకును బలమిచ్చును. నేడు పరీక్షలకు నిలిచిన మందులు కొన్ని లేకపోలేదు. వానిని అవసరమైన రోగులకు వైద్యులే ఈయవలెను. ప్రకటనలను నమ్మి ఎవరికి వారు కొని మ్రింగరాదు.

బాలబాలికలారా! మీ వయస్సువారికి దినమునకు ఒక గంటయైన ఆటలు, నడక, పరుగు అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. దీనికి ధనవ్యయము లేదు. మెట్ల మహిమను చాటిన మారిస్ 99 ఏండ్లు జీవించి 2009లో మరణించెను. మాత్రకొరకు చేయి చాచుటకు ముందు మెట్టుపై కాలు మోపుట మేలు.