దిద్దుబాటు లేని పాట
('మేడ్ ఇన్ జపాన్' రికార్డు నేర్పే పాఠం)

రాక్ సంగీతం అనగానే మన పెద్దల్లో చాలామంది మొహం చిట్లిస్తారు. "అదేం పాటండీ, రేకుల షెడ్డు మీద వడగళ్ళు పడ్డట్టు!" అంటారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. హార్డ్ రాక్ అనే శాఖలో మోత ఎక్కువే. అయితే మోత ఉన్నంత మాత్రాన శ్రుతి, లయ, సాధన ఉండవనుకోవడం పొరపాటు. ఆ సంగతి తేల్చుకోవడానికి ఒక రికార్డును పాఠ్యగ్రంథంలా ముందు పెట్టుకుందాం. అది ఇంగ్లండుకు చెందిన డీప్ పర్పుల్ బృందం జపానులో చేసిన కచేరీల రికార్డు, 'మేడ్ ఇన్ జపాన్'.

బృందంలో అప్పుడు అయిదుగురు. గాత్రం ఇయాన్ గిలన్, గిటారు రిచీ బ్లాక్‌మోర్, ఆర్గన్ జాన్ లార్డ్, బేస్ గిటారు రోజర్ గ్లోవర్, డ్రమ్స్ ఇయాన్ పేస్. 1972 ఆగస్టు 15, 16 తేదీలలో ఒసాకా ఫెస్టివల్ హాలులోను, 17న టోకియో బుడోకాన్‌లోను వీరు కచేరీలు చేశారు. అంటే మనం ఇక్కడ స్వాతంత్ర్య రజతోత్సవం జరుపుకుంటున్న రోజునే అక్కడ టేపు తిరగడం మొదలైందన్నమాట!

రికార్డు కావాలని అడిగింది జపాను కంపెనీవారు. బృందానికి మొదట అంత ఇష్టం లేదు. చివరికి తమ ఇంజనీరు మార్టిన్ బర్చ్ చేతనే రికార్డు చేయించాలనీ, టేపులు తమ చేతికి రావాలనీ షరతు పెట్టి ఒప్పుకున్నారు.

ఇక్కడ కాస్త సాంకేతిక విషయం చెప్పుకోవాలి. స్టూడియోలో టేపును పొలంలో చాళ్ళలాగా కొన్ని ట్రాకులుగా విభజిస్తారు. ఒకదాంట్లో డ్రమ్స్, ఒకదాంట్లో గిటారు, ఇంకోదాంట్లో గొంతు. గాయకుడు తప్పు పాడాడా, ఆ ట్రాకు మట్టుకు చెరిపి మళ్ళీ పాడిస్తారు. వాయిద్యం పలచగా ఉందా, దానిపై ఇంకొకటి చేరుస్తారు. ఈ కచేరీలకు వాడింది కూడా 8 ట్రాకుల యంత్రమే. కాని సభలో అందరూ ఒకేసారి వాయిస్తారు. గాయకుడి మైకులోకి డ్రమ్స్ మోత దూరుతుంది, డ్రమ్స్ మైకులోకి గిటారు దూరుతుంది. ఒకటి చెరిపితే పక్కది కుంటిదవుతుంది. కనుక ఆ రాత్రి ఏది పలికితే అదే మిగులుతుంది.

తర్వాత స్టూడియోలో ఏమీ అతికించలేదని బృందంవారు చెబుతూ వచ్చారు. మూడు రాత్రులలో బాగా కుదిరినవి ఏరుకున్నారు, అంతే. ఏరుకోవడం వేరు, అతికించడం వేరు.

ఇక పాటల సంగతి. రెండు ఎల్.పి.లు, నాలుగు వైపులు, మొత్తం 7 పాటలు. 'స్మోక్ ఆన్ ది వాటర్' వెనుక ఒక నిజమైన ప్రమాదం ఉంది. 1971 డిసెంబరు 4న స్విట్జర్లాండులోని మాంత్రో పట్టణంలో ఫ్రాంక్ జాపా కచేరీ జరుగుతుండగా ప్రేక్షకుడొకడు నిప్పురవ్వల తుపాకి పేల్చాడు. కాసినో భవనం తగలబడిపోయింది. పొగ జెనీవా సరస్సు మీద కమ్ముకుంది. అక్కడే తమ రికార్డు చేసుకుందామని వచ్చిన డీప్ పర్పుల్ వారు ఆ దృశ్యం చూసి కట్టుకున్న పాట ఇది. ఒసాకాలో మొదటి రాత్రి పాడిన పాటే ఈ రికార్డులోకి ఎక్కింది.

'ది మ్యూల్'లో ఇయాన్ పేస్ ఒక్కడే చాలాసేపు డ్రమ్స్ వాయిస్తాడు. మన కచేరీలలో తని ఆవర్తనం వినే అలవాటున్న వారికి ఇది కొత్తగా తోచదు. 'స్ట్రేంజ్ కైండ్ ఆఫ్ ఉమన్'లో గిటారు ఒక ముక్క పలికితే గొంతు దాన్ని అందుకుని తిరిగి పలుకుతుంది. సవాల్-జవాబ్ అన్నమాటే! స్టూడియోలో సుమారు నాలుగున్నర నిమిషాల పాటైన 'స్పేస్ ట్రకిన్' ఇక్కడ దాదాపు 20 నిమిషాలకు పెరిగి నాలుగో వైపు మొత్తం తానే ఆక్రమించింది. పాట అస్థిపంజరం ఒకటే. కండ పట్టించింది మాత్రం ఆ పూట వారికి తోచిన మనోధర్మం. తోచడం ఊరికే జరగదు. రోజూ కలిసి వాయించి, పక్కవాడి చూపు బట్టి తరువాతి అడుగు పసిగట్టగలిగిన వారికే అది సాధ్యం.

మరో సంగతి గమనించండి. ఇంత ఒద్దికగా వాయించిన ఆ అయిదుగురు ఎంతోకాలం కలిసి ఉండలేదు. 1973 జూన్ 29న అదే ఒసాకాలో కచేరీ చేసి గిలన్, గ్లోవర్ బృందం విడిచిపోయారు. ఏళ్ళ తర్వాత మళ్ళీ కలిశారనుకోండి, అది వేరే కథ. 10 నెలల ముందే ఆ టేపు తిరగకపోయి ఉంటే? ఆ స్నేహం ఏ ఎత్తుకు చేరిందో వినడానికి మనకు ఇంతటి సాక్ష్యం దక్కేది కాదు.

మిత్రులారా! ఈ రోజుల్లో కాలేజీ డే వేదికల మీద ముందే తయారుచేసిన ట్రాకు పెట్టి పెదవులు కదపడం మామూలైపోయింది. పాట తప్పదు, నిజమే. కాని అక్కడ పాడేవాడికి పోయేదీ లేదు, వచ్చేదీ లేదు. గొంతు జీరబోతుందేమోనన్న భయంతోనే మైకు ముందు నిలబడి పాడినవాడికి మాత్రం ఆ సాయంత్రం తనదవుతుంది. తప్పు పాడితే నలుగురూ నవ్వుతారు. నవ్వనివ్వండి! వచ్చే ఏడు వాడే బాగా పాడతాడు. రికార్డు వినండి, నచ్చకపోతే మానండి. అయితే వచ్చే వార్షికోత్సవంలో మాత్రం ట్రాకు కట్టేసి, సొంత గొంతుతో పాడండి.